రెండ్రోజుల్లో పూడ్చేస్తామమ్మా

ఉద్యోగం చేసినంతకాలం నేను మురుగునే చూశాను. మున్సిపాలిటీలో ఇంజనీరంటే జనానికి రోడ్లు, పార్కులు, రంగులేసిన డివైడర్లు గుర్తొస్తాయి. నాకు దక్కింది మాత్రం భూమి కింద పని. రోడ్డు వేస్తే శంకుస్థాపన ఉంటుంది, కొబ్బరికాయ ఉంటుంది, రాతి మీద పేర్లుంటాయి. మురుగు పైపు వేస్తే మట్టి కప్పడమే. దాని మీద పేరు చెక్కించుకుంటానని ఏ నాయకుడూ ముందుకు రాడు. పెళ్ళిచూపులప్పుడు మా మామగారు "రోడ్లు కూడా వేయిస్తారుగా బాబూ?" అని ఒకటికి రెండుసార్లు అడిగి, ఔనన్నాకే కాఫీ ముట్టుకున్నారు. ఆ రోజు నేను కాస్త అబద్ధం చెప్పాను.

రిటైరయ్యాక నందిగామలో స్థిరపడ్డాను. ఈ ఉద్యోగంలో కొత్తగా చేరుతున్న పిల్లలు దారిన పోతూ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పైపుకి వాలు ఎంత ఉండాలో, జాయింటు ఎలా కట్టాలో వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, పుస్తకాలున్నాయి. నేను చెప్పాలనుకున్నది ఏ పుస్తకంలోనూ లేదు. అది మేమందరం నోటితో నేర్చుకుని నోటితోనే వాడేసిన విద్య. ఒకే ఒక్క మాట. తవ్విన వీధిలో నిలబడి, గుమ్మంలోంచి అడిగినవాళ్ళకి చెప్పే మాట. "రెండ్రోజుల్లో పూడ్చేస్తామమ్మా."

ఆ మాట వల్ల జగ్గయ్యపేటలో ఒక మనిషి బతుకు ఎటు పోయిందో చెబుతాను. మిగతా ఉద్యోగమంతా మీరు నేర్చుకుంటారు.

మా డీఈ గారు నేర్పిన వైద్యం

చేరిన కొత్తల్లో నాకు లెక్కల మీద మహా నమ్మకం. మొదటి వీధిలో ఒకావిడ "ఎప్పటికవుద్దండి ఇది?" అని అడిగితే, వేళ్ళు మడిచి లెక్క వేసి, మూడు నెలలు పడుతుందమ్మా అని చెప్పాను. చెప్పింది నిజం. సాయంత్రానికల్లా వీధి వీధంతా వచ్చి పైపుల మీద కూర్చుంది. కౌన్సిలరు వచ్చాడు, ఆయన వెనకాల ఇంకో నలుగురు వచ్చారు. పొక్లెయిన్ డ్రైవరు తాళం జేబులో వేసుకుని టీకి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు.

మర్నాడు మా పై అధికారి, డీఈ నరసింహారావు గారు నన్ను పిలిచారు. తిడతారనుకున్నాను. ఆయన టీ తెప్పించి, నేను తాగేదాకా ఆగి, అప్పుడు చెప్పారు. "నువ్వు చెప్పింది నిజమేనయ్యా. ఆవిడ నిన్నడిగింది నిజం కాదు, ధైర్యం. రెండ్రోజులను. రెండ్రోజులయ్యాక మళ్ళీ రెండ్రోజులను. జనం సణుక్కుంటారు గానీ పైపుల మీద కూర్చోరు. పని సాగుద్ది."

ఇక్కడొక సంగతి స్పష్టంగా చెప్పాలి. నరసింహారావు గారు చెడ్డమనిషి కాదు. ఒకసారి గట్టు విరిగి కూలీ ఒకడు నడుముదాకా కూరుకుపోతే, తెల్ల ప్యాంటుతో గోతిలోకి దిగి చేతుల్తో మట్టి తోడిన మనిషి. కాంట్రాక్టరు ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగేవారు కాదు. అలాంటాయన చెప్పారు కాబట్టే ఆ మాట నాకు అంతగా వంటబట్టింది. చెడ్డ అధికారి నేర్పిన చెడ్డ అలవాటు తొందరగానే వదిలిపోతుంది. మంచివాడు నేర్పింది వదలదు.

పైగా అది పనిచేసింది. అందులో ఉన్న ప్రమాదం అదే. ఏ వీధిలో చెప్పినా పనిచేసింది. "రెండ్రోజులేనంట" అని జనం ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని గోతి మీద చెక్క వేసుకుని దాటేవాళ్ళు. కొన్నాళ్ళకి నా నోటికి వేరే లెక్క రావడం మానేసింది. ఇంట్లో గ్యాస్ ఎప్పుడొస్తుందని అడిగినా రెండ్రోజులే. మా ఆవిడ నన్ను ఆ పేరుతోనే పిలిచేది. నేనూ నవ్వేవాణ్ణి.

కరుణమ్మ అరుగు

జగ్గయ్యపేటలో పాతవీధి ఒకటి. పైభాగంలో మిర్చి, పత్తి వ్యాపారస్తుల డాబాలు. కిందికి పోయేకొద్దీ ఇళ్ళు చిన్నవవుతూ, చివర చర్చి దగ్గర రేకులిళ్ళు. ఎప్పుడో వేసిన మురుగు పైపు వీధి కింద పగిలి, బోరు నీళ్ళలోకి వాసన వస్తోందని ఏళ్ళ తరబడి ఫిర్యాదులు. ఆ పైపు తీసేసి కొత్తది వేసే పని నా చేతికి వచ్చింది.

ఆ పల్లపు వైపున కరుణమ్మ ఇల్లు. భర్త ఏసోబు సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగుకి పోయేవాడు, మోకాలు దెబ్బతిన్నాక ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఇల్లు గడిచేది ఆమె ఇడ్లీల మీద. ఇంటి ముందు సైడు కాలవ మీద నాపరాళ్ళు పరిచి కట్టుకున్న అరుగే ఆమె హోటలు. ఒక మూల పొయ్యి, ఒక మూల నీళ్ళ డ్రమ్ము, మధ్యలో జనం. ఫ్యాక్టరీ షిఫ్టుకి పోయేవాళ్ళు, ఆటోవాళ్ళు, చీపుళ్ళు పక్కన పెట్టి మా పారిశుధ్య కార్మికులు. ఎండాకాలం వస్తే పల్లీ చట్నీలో పచ్చిమామిడి ముక్క వేసి రుబ్బేది. ఆ చట్నీ కోసం నేను ఇన్‌స్పెక్షన్ పేరు చెప్పి ఇంట్లో టిఫిన్ ఎగ్గొట్టిన రోజులున్నాయి.

నన్ను చూస్తే ఆమెకి ఒక సరదా. "సారొచ్చారు, ముక్కు మూసుకోండి" అని అందరినీ నవ్వించేది. మురుగు ఇంజనీరు పక్కన కూర్చుని ఇడ్లీ తినడం ఏంట్రా అని ఆటోవాళ్ళు అంటే, "ఆయన లేపోతే మీరు ఇంతకన్నా కంపు కొడతారు" అనేది. నేను ఉద్యోగంలో అందుకున్న మెచ్చుకోళ్ళలో అది ఒకటి. మిగతావి గుర్తులేవు.

పని మొదలుపెట్టే ముందు ఆమెకి నేనే చెప్పాను, అరుగు ముందు తవ్వాల్సి వస్తుందని. ఆమె భయపడలేదు. మంచి పైపు పడితే అరుగు కింద వాసన పోతుందిగా, గిరాకీ ఇంకా పెరుగుద్దిగా అంది. ఉగాది వెళ్ళగానే పొక్లెయిన్ దిగింది. మురుగు పైపు ఎప్పుడూ కింది నుంచి పైకి వేసుకుంటూ పోవాలి. అందుకని మొదటి గొయ్యి పడింది కరుణమ్మ గుమ్మం ముందు.

మ్యాన్‌హోల్ ఎవరి వాకిట్లో

కింద తవ్వకం సాగుతుండగానే పైన గొడవ మొదలైంది. మా ప్లాను ప్రకారం ఒక మ్యాన్‌హోల్ చలపతిరావు గారి సింహద్వారానికి సరిగ్గా ఎదురుగా వస్తుంది. చలపతిరావు గారు పెద్దమనిషి. మిర్చి వ్యాపారం, నాలుగు ఊళ్ళలో పొలాలు, మాట మెత్తన. నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, "ఇంజనీరు గారూ, ద్వారవేధ అంటే తెలుసుగా మీకు?" అన్నారు. గుమ్మానికెదురుగా స్తంభం గానీ గొయ్యి గానీ ఉంటే ఇంటికి అరిష్టమట. అందులోనూ ఇది మురుగు గొయ్యి. వాస్తు సిద్ధాంతి అప్పటికే వచ్చి దిక్సూచి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

నాలుగడుగులు పక్కకి జరిపితే పోయేదానికి గొడవెందుకని నేను ఒప్పుకున్నాను. జరిపితే అది ఎదురింటివాళ్ళ ఈశాన్యం మూలకి వచ్చింది. వాళ్ళు వాళ్ళ సిద్ధాంతిని తెచ్చుకున్నారు. ఇంకాస్త పైకి జరిపాం. అక్కడ కొత్తగా గృహప్రవేశం చేసుకున్న డాక్టరు గారి గేటు. ముగ్గుపిండితో నేను గుండ్రంగా గీసిన గుర్తుని ఎవరో ఒకరు చెరిపేసేవాళ్ళు. పొద్దున వచ్చేసరికి ఆ గుండ్రం పక్కింటి ముందు ఉండేది. మా వర్క్ ఇన్‌స్పెక్టరు "సార్, మ్యాన్‌హోల్ నడుస్తోంది సార్" అని పడీపడీ నవ్వేవాడు. నాకూ నవ్వొచ్చేది. ఇంట్లో కథలు కథలుగా చెప్పేవాణ్ణి.

నవ్వులాట పైభాగం వరకే. పైన మ్యాన్‌హోల్ ఎక్కడో తేలకపోతే పైపు ఎంత దూరం, ఎంత వాలు అన్నది తేలదు. అది తేలకపోతే కింద వేసిన పైపు పూడ్చడానికి లేదు. ప్లాను మార్చమని పై ఆఫీసుకి రాశాం. జవాబు వచ్చేలోపు కాంట్రాక్టరు మెషిను ఖాళీగా ఎందుకని ఇంకో ఊరు తోలుకుపోయాడు. పాత పైపు పగలగొట్టేశాం, కొత్తది పూర్తవలేదు. వీధి మురుగంతా కింది గోతిలోకి చేరడం మొదలైంది.

అభ్యంతరం చెప్పినవాళ్ళ ముందు రోడ్డు చక్కగా ఉంది, కార్లు తిరుగుతున్నాయి. ఏ అభ్యంతరమూ చెప్పనివాళ్ళ ముందు గొయ్యి ఉంది. నా ఉద్యోగంలో ఏ ఊళ్ళో చూసినా ఇదే తీరు. చలపతిరావు గారిని నేను తప్పుపట్టను, ఆయన నమ్మకం ఆయనది. కానీ ఆయన కుర్చీ వేశారు, మజ్జిగిచ్చారు, ఆయన మాట ఫైలెక్కింది. కరుణమ్మ గోతికి అవతల నిలబడి అడిగింది. నేను ఇవతల నిలబడి నోటికొచ్చింది చెప్పాను.

పప్పు పొయ్యమంటారా

ఇడ్లీ వ్యాపారంలో రేపటి మాట ఇవాళ మధ్యాహ్నమే తేల్చుకోవాలి. మినప్పప్పు మధ్యాహ్నం నానబోస్తే సాయంత్రం రుబ్బుతారు, రాత్రికి పులుస్తుంది, తెల్లారి ఇడ్లీ. అందుకని నేను మధ్యాహ్నం రౌండుకి వచ్చినప్పుడల్లా కరుణమ్మ గుమ్మంలోంచి అడిగేది. "ఏమండి సారూ, పప్పు పొయ్యమంటారా?"

నేను పొయ్యమ్మా అనేవాణ్ణి. రెండ్రోజుల్లో పూడ్చేస్తాం, ఎల్లుండికి చెక్క కూడా అక్కర్లేదు అనేవాణ్ణి.

ఆమె నా మాట మీద పప్పు పోసేది. తెల్లారి ఇడ్లీలు ఉడికేవి. గోతి అవతలికి ఎవరు వస్తారు? ఆటో రాదు, సైకిలు రాదు, వచ్చిన ఒకరిద్దరు వాసన తట్టుకోలేక నిలబడే తినేసి పోయేవాళ్ళు. మిగిలినవి చర్చి దగ్గర పిల్లలకి పంచేది. మా కూలీలకి పెట్టేది. పిండి పులిసిపోతే ఆ గోతిలోనే పారబోసేది. కొంచెం తగ్గించి పొయ్యమ్మా అనైనా నేను చెప్పలేదు. అంటే రెండ్రోజులన్న మాట అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టవుతుందిగా.

ఒక మధ్యాహ్నం ఆమె చెక్క దాటి ఇవతలికి వచ్చింది. చీర కొంగుతో మొహం తుడుచుకుని, ఎప్పుడూ ఆడే వేళాకోళం ఏమీ లేకుండా అడిగింది. నందిగామలో ఆమె చెల్లెలుంది. అక్కడ బస్టాండ్ పక్కన ఒక టిఫిన్ బడ్డీ ఖాళీ అవుతోందట. నడిపినాయన కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. చెల్లెలు మాట్లాడి ఉంచింది, వస్తే వెంటనే రావాలి, లేకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు.

"ఏసోబుని తీసుకుని ఎల్లిపోదామా అనుకుంటన్నానండి. ఇల్లొదిలి పోవాలంటే మనసొప్పట్లేదు. మీరు నిజం చెప్పండి సారూ. ఇది ఎప్పటికవుద్ది? ఉండమంటారా, ఎల్లమంటారా?"

ఆ నిమిషాన నాకు అన్నీ తెలుసు. ప్లాను పై ఆఫీసులో ఉందని తెలుసు. మెషిను ఊళ్ళో లేదని తెలుసు. వానలు దగ్గర పడుతున్నాయని తెలుసు. దసరా లోపు ఆ గొయ్యి పూడదని నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు.

"ఎందుకమ్మా ఊరు వదిలిపోవడం," అన్నాను. "రెండ్రోజుల్లో పూడ్చేస్తాం."

ఎందుకన్నాను? చాలాసార్లు ఆలోచించాను. ఆమె పైపుల మీద కూర్చుంటుందని భయం కాదు, కూర్చునే మనిషి కాదు. ఆమె మొహం చూస్తూ దసరా దాటుద్దని అనడానికి నాకు నోరు రాలేదు, అంతే. ఆమె నవ్వు మొహం పెట్టుకుని వెళ్ళాలని నాకు ఆశ. నిజంగానే నవ్వుతూ వెళ్ళింది. చెక్క మీద సగం దూరం పోయి వెనక్కి తిరిగి, "అయితే పప్పు పోస్తానండి," అంది. నందిగామ బడ్డీ వారంలో వేరే ఎవరికో వెళ్ళిపోయింది.

వాన

మా నేల నల్లరేగడి. ఎండల్లో గోతి గట్టు గోడలాగా నిలబడుతుంది. చూసేవాళ్ళు ఇక దీనికేం కాదనుకుంటారు. ఒక్క మంచి వాన పడితే ముద్దలు ముద్దలుగా జారిపోతుంది. ఆ సంగతి చదువుకున్నాను, చూశాను, కొత్తవాళ్ళకి పాఠంగా చెప్పాను కూడా. అయినా గట్టు జారకుండా బల్లలు కొట్టించమని కాంట్రాక్టరుకి చెప్పి, అతను కొట్టిస్తానంటే నమ్మి ఊరుకున్నాను. తీరా అతను నాకు చెప్పిందీ రెండ్రోజులే.

మొదటి పెద్దవాన ఒక తెల్లవారుజామున పడింది. నేను వెళ్ళేసరికి వెలుగొచ్చింది. అరుగు లేదు. నాపరాళ్ళు గోతిలో నిలువుగా దిగబడి ఉన్నాయి. పొయ్యి ఎటు పోయిందో తెలీదు. ముందు గోడకి పెద్ద పగులు. మురుగు నీళ్ళు గుమ్మం దాటి వంటగదిలోకి వచ్చాయి. ఏసోబు మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. కరుణమ్మ రుబ్బిన పిండి గిన్నె చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మునగకుండా తీసి పట్టుకున్నది అదొక్కటే.

నన్ను చూసి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "జాగ్రత్తండి, అక్కడ జారుద్ది," అంది.

ఆ తర్వాత నేను చేయగలిగిందంతా చేశాను. గోడకి సిమెంటు పూయించాను, పంపు పెట్టించి నీళ్ళు తోడించాను. అరుగుకి నష్టపరిహారం రాయబోతే మా ఆఫీసులోనే ఆపారు. కాలవ మీద కట్టిన అరుగు ఆక్రమణ కిందికి వస్తుందట, ఆక్రమణకి పరిహారం ఉండదట. రూలు అదే, నేను వాదించి చూశాను. వీధి పైభాగంలో డాక్టరు గారి ర్యాంపు కూడా కాలవ మీదే ఉంది. దాన్ని పగలగొట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం కాంట్రాక్టరు చేత తిరిగి కట్టించాం. ఇలాంటివి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

దసరా దాటాక పని పూర్తయింది. మ్యాన్‌హోల్ చివరికి ఎక్కడ పెట్టామంటే, మొదట ప్లానులో ఉన్న చోటే, చలపతిరావు గారి గుమ్మానికెదురుగా. ఆయన ఒక శాంతి చేయించుకుని ఊరుకున్నారు. అన్ని నెలలు తిరిగి తిరిగి అక్కడికే వచ్చింది. పైపు మీద సిమెంటు రోడ్డు వేశాం, రోడ్డు ఎత్తయింది, కరుణమ్మ ఇంటి గడప రోడ్డు కన్నా కిందికి పోయింది. అరుగు కట్టుకోవడానికి చోటు లేదు. అప్పటికే గిరాకీ అంతా హైవే వైపు కొత్త టిఫిన్ సెంటర్లకి అలవాటు పడిపోయింది. కొన్నాళ్ళు గుమ్మంలోపలే పొయ్యి పెట్టి నడిపింది. తర్వాత ఒకరోజు తలుపుకి తాళం ఉంది.

పైపు మాత్రం బాగుంది

కొత్తవాళ్ళు దీన్ని చదివి మురుగు పనే చెడ్డదని అనుకోకూడదు. ఆ పైపు ఇప్పటికీ శుభ్రంగా పారుతోంది. ఆ వీధిలో దోమలు తగ్గాయి, బోరు నీళ్ళు బాగుపడ్డాయి, జ్వరాలు తగ్గాయని అక్కడివాళ్ళే చెబుతారు. కింది ఇళ్ళ ఆడవాళ్ళకి మరుగుదొడ్డి కంపు బాధ తీరింది. మళ్ళీ ఉద్యోగంలో చేరమంటే నేను మళ్ళీ ఆ పైపు వేస్తాను.

కాకపోతే తవ్వే ముందు వీధివాళ్ళని కూర్చోబెట్టి ఎన్ని నెలలో చెబుతాను. పైపుల మీద కూర్చుంటే కూర్చోనిస్తాను. కోపం చల్లారాక వాళ్ళు వాళ్ళ ఏర్పాట్లు చేసుకుంటారు. ఒకరు కొట్టు మారుస్తారు, ఒకరు పురుడు పోసుకోవడానికి కూతుర్ని వేరేచోటికి పంపుతారు, ఒకరు మంచంలో ఉన్న తండ్రిని అన్నగారింట్లో దింపుతారు. నిజం తెలిసినవాళ్ళు ఏదో ఒకటి చేసుకోగలరు. రెండ్రోజులన్నామంటే వాళ్ళ చేతులు కట్టేసినట్టే. మేము తవ్విన గోతుల కన్నా ఈ మాటే ఎక్కువమందిని ముంచింది.

నందిగామ బస్టాండ్ పక్కన

ఈ ఏడు నందిగామలో మా వైపు కూడా పాత మురుగు లైను మారుస్తున్నారు. మా వీధి తవ్వేశారు. గోతి దగ్గర నిలబడ్డ ఏఈ ప్రవీణ్ ఒకప్పుడు నా కింద పనిచేసిన కుర్రాడే. ఎన్నాళ్ళు పడుతుందయ్యా అని అడిగాను.

"రెండ్రోజుల్లో పూడ్చేస్తాం సార్," అన్నాడు.

నాకా చెబుతున్నావు అన్నాను. అతను మొదట సిగ్గుపడి, తర్వాత నవ్వి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. పైపులు ఇంకా రాలేదు. రేపటి నుంచి బస్టాండ్ పక్క రోడ్డు కూడా తవ్వడం మొదలుపెడతారు. మొత్తం పూర్తయ్యేసరికి దసరా దాటుతుంది. మరి జనానికి ఆ మాటే చెప్పొచ్చుగా అంటే, "మీరు నేర్పిందేగా సార్," అన్నాడు. వెటకారంగా అనలేదు. గౌరవంగానే అన్నాడు. నేను అక్కణ్ణించి వచ్చేశాను.

ఇంటికి పోబుద్ధి కాలేదు. బస్టాండ్ దాకా నడిచి, పక్కనున్న టిఫిన్ హోటల్లో కూర్చున్నాను. ఎప్పుడూ వెళ్ళే హోటలు కాదు. పొద్దెక్కిపోయింది, ఇడ్లీ ఒకటే మిగిలిందన్నారు, తెమ్మన్నాను. చట్నీలో వేలు పెట్టి నాలిక మీద వేసుకున్నాను. పల్లీ, అందులో పచ్చిమామిడి.

లేచి వంటగది గుమ్మం దగ్గరికి వెళ్ళాను. లోపల కరుణమ్మ. నెత్తికి గుడ్డ కట్టుకుని, పెద్ద గంగాళం ముందు నిలబడి ఉంది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టడానికి కాస్త టైము పట్టింది. గుర్తుపట్టాక పాత అలవాటు ప్రకారం ముక్కు మూసుకోబోయి, చెయ్యి దించేసి నవ్వింది.

అది ఏ చోటని నేను అడగక్కర్లేదు, అయినా అడిగాను. ఆ రోజుల్లో చెల్లెలు మాట్లాడి ఉంచిన బడ్డీ ఉన్న చోటే. అప్పుడు దాన్ని తీసుకున్నాయన కష్టపడి పెంచుకుని హోటలు చేశాడట. ఆమె ఇందులో జీతానికి వండుతోంది. మొదట గిన్నెలు కడగడానికి చేరిందట. చట్నీ రుచి చూశాక వంటకి మార్చారట. జగ్గయ్యపేట ఇల్లు అద్దెకిచ్చేసి, ఏసోబుని తీసుకుని చెల్లెలింటి పక్కనే గది తీసుకుందట. ఇదంతా ఎవరిదో సంగతి చెబుతున్నట్టు మామూలుగా చెప్పింది. తప్పయిపోయిందమ్మా అనడానికి మాట వెతుక్కుంటున్నాను, ఇంతలో ఆమే అడిగింది.

"రేపటి నుంచి ఈడ కూడా తవ్వుతారంటగండీ. మా ఓనరు ఇంజనీరు గార్ని అడిగాడు. రెండ్రోజులేనంట."

నేను చట్నీ అంటిన వేలు జేబురుమాలుకి తుడుచుకున్నాను.

"కంచికచర్లలో కాలేజీ హాస్టల్లో వంటకి రమ్మంటన్నారు. ఓనరేమో రెండ్రోజులే కదా, ఆగు అంటన్నాడు. గిరాకీ పోతే మొట్టమొదట మానిపిచ్చేది నన్నేగా. మీకు తెలిసే ఉంటది." చేతిలో ఉన్న మినప్పప్పు గిన్నె గట్టు మీద పెట్టింది. పక్కనే నీళ్ళ బిందె. "పప్పు పొయ్యమంటారా సారూ?"

ఇన్నేళ్ళ తర్వాత కూడా నోటి చివరికి మొదట వచ్చింది ఆ మాటే. దాన్ని మింగాను.

"దసరా దాటుద్దమ్మా," అన్నాను. "పైపులే రాలేదు. నువ్వు హాస్టల్‌కి వెళ్ళిపో."

ఆమె మొహంలో కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. గిన్నె తీసుకుని పప్పుని తిరిగి డబ్బాలో పోసేసింది. గిన్నె అడుగున అంటుకున్న నాలుగు గింజలు కూడా చేత్తో తుడిచి అందులో వేసింది. మూత పెట్టి, ఒకసారి గట్టిగా అదిమి, అప్పుడంది.

"ఆ ఏడు కూడా ఇంతేగా సారూ చెప్పాల్సింది."